మూడో తలుపు

మార్చి పంతొమ్మిది. తపస్కాలం నడిమధ్యన జోజప్ప పండుగ.
గుంటూరు గాలి నిండా మిరప ఘాటు.
పూజలో గురువు అప్పం ఎత్తితే
ముందు బల్ల తుమ్ముతుంది,
తర్వాత వెనక బల్ల.

సాల్వతూరి సామి అసలు పేరు సాల్వతోరే.
మా నాయనమ్మ ఇన్నాసమ్మకి అది ఊరి పేరులా వినబడింది.
"సాల్వతూరు ఏ తాలూకా సామీ?"
"సముద్రం తాలూకా" అన్నాడట.

వాళ్ళ దీవిలో ఈ రోజు
వీధిలో మెట్లు మెట్లుగా బల్ల వేస్తారట.
రొట్టెని రంపంలా, సుత్తిలా, నిచ్చెనలా వత్తి కాలుస్తారట.
సేమ్యాలాంటిదేదో వండి
పైన వేయించిన రొట్టెపొడి చల్లుతారట,
వడ్రంగి కొట్లో రంపపు పొట్టుకి గుర్తుగా.

నాయనమ్మ కాసేపు ఆలోచించింది.
సేమ్యా మనకుంది.
పొట్టుకి పుట్నాలపప్పు దంచింది.
చెయ్యి ఊరుకోక రెండు ఎండుమిరపకాయలు వేసింది.
సామి తిని, ముక్కు తుడుచుకుని,
"మా జోజప్ప చెక్క కోసేవాడు,
మీ జోజప్ప మిరప కోసేవాడు" అన్నాడు.

అన్నం పెట్టేముందు ఒక ఆట ఉంది.
పేదవాళ్ళు ముగ్గురు, ఒక మగ, ఒక ఆడ, ఒక బిడ్డ,
తిరుకుటుంబమై మూడు తలుపులు తట్టాలి.
మొదటి ఇల్లు, "చోటు లేదు, పొండి."
రెండో ఇల్లు, "చోటు లేదు, పొండి."
మూడో తలుపు తెరుచుకోవాలి.
వాళ్ళు తిన్నాకే వీధి తినాలి.

నా పదకొండో ఏట మొదటి తలుపు నాకిచ్చారు.
వారం రోజులు అద్దం ముందు
పొండి, పొండి, పొండి అని సాధన చేశాను.

ఆ ఏడు మరియమ్మ సువార్తమ్మ.
రైలుకట్ట అవతల పేట,
యార్డులో మిరప తొడిమలు తీసే మనిషి.
జోజప్ప ఆమె మొగుడు ఏసోబు.
బాలయేసు వాళ్ళ దానియేలు, ముక్కు కారుతూ.

తలుపు చప్పుడైంది.
సందులోంచి చూశాను.
నీలం దుప్పటి కింద సువార్తమ్మ,
నేను నోరు తెరవకముందే
గడప మీంచి కాలు వెనక్కి తీసేసుకుంది.

నా మాట నా నోట్లోనే ఉంది.
అయినా అన్నాను. గట్టిగానే అన్నాను.
అందరూ చప్పట్లు కొట్టారు.

మూడో తలుపు మాది.
నాయనమ్మ వాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసింది,
తన పేరు చెక్కిన స్టీలు పళ్ళేల్లో వడ్డించింది.
సువార్తమ్మ కూర్చుంది,
లేచింది,
మళ్ళీ కూర్చోమంటే కూర్చుంది.

"భయమేసిందా?" అని అడిగాను, చెయ్యి కడుక్కుంటుంటే.
"మొదటి రెండూ నాకొచ్చు పాపా.
మూడోదే నేర్చుకోలా."

మర్నాడు ఆ మూడు పళ్ళేలూ అటకెక్కాయి
వచ్చే మార్చి దాకా.
పెరటి చూరులో వేరే గ్లాసు
ఎప్పటిలాగే బోర్లించి ఉంది.
నేను రెండూ చూశాను.
పదకొండేళ్ళు చిన్న వయసేం కాదు.

సామి గుడి ఆవరణలోనే మట్టయ్యాడు.
పండుగనాడు ఆయన పంచిన ఎండు చిక్కుడు గింజ
నా పర్సులో చిల్లరతో కలిసి ఇంకా గలగలమంటుంది.
అది ఉంటే డబ్బుకి లోటుండదన్నాడు.
మిగతా లోట్ల సంగతి చెప్పలేదు.

ఈ ఏడు మా వీధిలో బల్ల వేసేవాళ్ళు లేరు.
పూజ అయ్యాక సేమ్యా కేరేజీ పట్టుకుని
రైలుకట్ట దాటాను.
యాభై ఏళ్ళలో ఇదే దాటడం,
ఉన్నదేమో ఆరు నిమిషాల దారి.

పచ్చరంగు తలుపు. తట్టాను.
చెప్పులు బయట విడిచానో లేదో
ఒకసారి కిందికి చూసుకున్నాను.

"ఎవురూ?"

పేరు చెప్పబోయాను.
ఏ పేరు చెబితే గుర్తుపడుతుంది?
"మొదటి తలుపుని" అన్నాను.

లోపల మంచం కిర్రుమంది.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
వీధి చివర మిరప టిక్కీల లారీ వెనక్కి తిరుగుతోంది.
లోపల ఎవరో తుమ్మారు.
నేనూ తుమ్మాను.

కాలు గడప మీద ఉంది.
తియ్యాలో ఉంచాలో
నాకూ ఎవరూ నేర్పలేదు.